గణితమున రెండు మెట్లు

విద్యాచరిత్రలను వ్రాయువారు సాధారణముగ పాఠశాలలు ఎన్ని వెలసినవి, విద్యార్థులు ఎందరు చేరిరి, ఉత్తీర్ణులైనవారు ఎందరు అని లెక్కింతురు. పాఠశాల లోపలనే ఒక విద్యార్థిని ఒక గదినుండి వేరొక గదికి పంపివేయుట ఆ లెక్కలలోనికి రాదు. వాని పేరు హాజరుపట్టీలో నిలిచియే యుండును. తండ్రి బడిజీతము కట్టుచునే యుండును. కాని “నీకీ లెక్కలు రావు, తేలిక లెక్కలు తీసికొనుము” అను ఒక్క మాటతో ఆ బాలుని ముందున్న దారులు కొన్ని మూతపడును. పదునాలుగేండ్ల ప్రాయమున జరుగు ఈ చిన్న మార్పునకు గల పెద్ద చరిత్రను ఇచ్చట సంగ్రహముగ విచారింతము.

తెలుగువారికి గణితము పరాయి విద్య కాదు. మహావీరాచార్యుని సంస్కృత గణితగ్రంథమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. మన భాషలో వెలసిన తొలి శాస్త్రగ్రంథములలో అది యొకటి. వీథిబడులలో ఎక్కములు, కొలతలు, వడ్డీ లెక్కలు వల్లె వేయించెడివారు. వెనుకబడినవాడు ఆలస్యముగ నేర్చెడివాడే గాని, వానికై వేరొక గణితము లేకుండెను. అయినను ఆ కాలమును మితిమీరి పొగడరాదు. ఆ బడుల గడప త్రొక్కుటకే నోచుకొనని కులములవారు, ఆడుబిడ్డలు అసంఖ్యాకులు. పూర్వము గుమ్మము వెలుపలనే జరిగిన విభజన, గుమ్మము తెరచిన పిమ్మట లోపలి గదుల మధ్యకు మారినదని చెప్పవచ్చును.

స్వాతంత్ర్యానంతరము 1952లో డాక్టరు ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు అధ్యక్షతన మాధ్యమిక విద్యాసంఘము నియమింపబడి, 1953లో నివేదిక నొసగెను. విద్యార్థుల అభిరుచులు భిన్నములు గనుక చదువులును భిన్నములుగ నుండవలెనని ఆ సంఘము తలచి, మానవీయ శాస్త్రములు, విజ్ఞానము, సాంకేతికము, వాణిజ్యము, వ్యవసాయము, లలితకళలు, గృహవిజ్ఞానము అను ఏడు శాఖలను సూచించెను. ఉద్దేశము మంచిదే. అందరిని ఒకే మూసలో పోయరాదనుట న్యాయమే.

ఆంధ్రదేశపు ఉన్నత పాఠశాలలలో ఆ తరమువారు ఎరిగిన విభజన జనరల్ మేథమెటిక్సు, కాంపోజిట్ మేథమెటిక్సు అనునది. మొదటిది నిత్యజీవితమునకు వలయు లెక్కలకు ప్రాధాన్యమిచ్చు తేలిక గణితము. రెండవది బీజగణితమును, క్షేత్రగణితమును లోతుగ బోధించు గణితము. ఇంజనీరింగు చదువదలచినవారికి, కళాశాలలో గణిత, భౌతికశాస్త్రములను తీసికొనదలచినవారికి రెండవదియే దారి. నాటి విద్యార్థులు నేడు వృద్ధులైరి. “నాది కాంపోజిట్” అని చెప్పునప్పుడు వారి స్వరమున నేటికిని వినవచ్చు గర్వమును, “నన్ను జనరల్‌లో వేసిరి” అని చెప్పునప్పటి సంకోచమును గమనించినవారికి ఆ రెండు పేర్ల వెనుక నున్న బరువు తెలియును.

“వేసిరి” అను క్రియలోనే చరిత్ర యంతయు ఇమిడియున్నది. కాగితముపై అది విద్యార్థి కోరిక. వాస్తవమున ఎవ్వరును ఆజ్ఞాపించరు, సలహా మాత్రమే యిత్తురు. “తప్పినచో ఏడాది పోవును”, “మీ ఇంట చెప్పువారెవ్వరు?”, “బడి ఫలితములు చూచుకొనవలెను గదా” అను మాటలలో దయయు కలదు, లెక్కయు కలదు. శతశాతము ఉత్తీర్ణతకై తాపత్రయపడు పాఠశాలకు బలహీనుడు భారము. వానిని మెట్టు దింపుట వానికి నేర్పుటకంటె సులభము. తండ్రి చదువుకొన్నవాడైనచో వచ్చి వాదించును. పొలము పనులు మాని వచ్చిన తండ్రి అయ్యవారి మాటకు తలయూపి పోవును. ఇక ఊరిలో పై గణితము చెప్పగల ఉపాధ్యాయుడే లేనప్పుడు ఎంపిక అను మాటకు అర్థము లేదు.

బాలికల విషయమున ఈ దింపుట మరింత నిస్సంకోచముగ సాగెను. దేశమున కొన్ని రాష్ట్రములలో వారు గణితమునకు బదులు గృహవిజ్ఞానమును తీసికొనుటకు వీలుండెను. బాలబాలికల పాఠ్యక్రమములలో భేదముండవలెనా అను ప్రశ్నను శ్రీమతి హంసా మెహతా అధ్యక్షతన ఏర్పడిన సంఘము పరిశీలించి, స్త్రీ పురుష భేదమునుబట్టి చదువులను విభజింపరాదని తీర్మానించెను. 1964 - 66 నాటి కొఠారీ సంఘము దానిని సమర్థించి, మొదటి పదేండ్ల విద్యలో విజ్ఞానమును గణితమును అందరికి తప్పనిసరిగ నుండవలెనని సిఫారసు చేసెను. ఆ సంఘమే మరియొకవైపు, శక్తిగల విద్యార్థులకై పాఠ్యవిషయములను సామాన్యము, ఉన్నతము అను రెండు స్థాయిలలో బోధింపవచ్చునని చెప్పినది. అందరికి గణితము, కొందరికి మరికొంత గణితము అనుట దాని భావము. క్రింది మెట్టు అందరికి పునాది కావలెనే గాని, కొందరికి చెరసాల కారాదు.

ఈ సమస్య మన దేశమునకే పరిమితము కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఇది మరింత స్పష్టముగ కనబడును. అచ్చట బీజగణితము, క్షేత్రగణితము, రెండవ బీజగణితము, కలనగణితమునకు ముందటి పాఠము, కలనగణితము అని ఏడాదికొక్కటిగ ఐదు మెట్లు. ఉన్నత పాఠశాలయందు తొమ్మిదవ తరగతినుండి పండ్రెండవ తరగతివరకు నాలుగేండ్లు మాత్రమే. కనుక ఎనిమిదవ తరగతిలోనే బీజగణితము నారంభింపనివాడు మామూలు నడకతో కలనగణితమును అందుకొనజాలడు. ఏడవ తరగతి చివర ఒక ఉపాధ్యాయుడు పెట్టు చిన్న గుర్తు ఐదేండ్ల తరువాత ఇంజనీరింగు కళాశాల ద్వారమువద్ద ఫలించును. నీగ్రోలని అప్పుడు పిలువబడిన నల్లజాతివారి బిడ్డలు, స్పానిషు మాటలాడు కుటుంబముల బిడ్డలు క్రింది వరుసలలో నిండియుండుట అచ్చటి విద్యావేత్తలు పలుమారు ఎత్తిచూపిన సంగతి.

రాబర్టు మోజెసు అను నల్లజాతి నాయకుడు 1960 దశకమున మిసిసిపీ రాష్ట్రమున తనవారిచే ఓటు హక్కు నమోదు చేయించుటకై దెబ్బలు తినెను, చెరసాల కేగెను. పిమ్మట టాంజానియాలో కొన్నేండ్లు గణితము బోధించెను. 1982లో మసాచుసెట్సు రాష్ట్రపు కేంబ్రిడ్జిలో తన కుమార్తె చదువు పాఠశాలయందు ఎనిమిదవ తరగతివారికి బీజగణితము లేదని తెలిసి, తానే ఆ తరగతిలో బోధింప నారంభించెను. అదియే బీజగణిత ప్రణాళిక అను పేర దేశమున పలు పాఠశాలలకు వ్యాపించెను. ధన, ఋణ సంఖ్యలను నేర్పుటకు ఆయన పిల్లలను నగరపు రైలులో త్రిప్పుకొని వచ్చెడివాడు. ఒక స్టేషనును సున్నగా నుంచి, అటు నాలుగు, ఇటు మూడు అని లెక్కించుటతో పాఠము మొదలగును. ఓటు ఎట్టి హక్కో బీజగణితమును నేటి యుగమున అట్టి హక్కే యని ఆయన వాదము. 2021లో పరమపదించువరకు దానిని విడువలేదు.

తూర్పు లాస్ ఏంజెలెసున గార్ఫీల్డు ఉన్నత పాఠశాల కలదు. బొలీవియానుండి వలస వచ్చిన హైమే ఎస్కలాంటే 1974లో అచ్చట ఉపాధ్యాయుడుగ చేరెను. పేద మెక్సికో కుటుంబముల ఆ పిల్లలకు లెక్కల బేరీజు చాలునని పలువురు తలచిన చోట ఆయన కలనగణితము చెప్పెను. 1982లో 18 మంది పరీక్ష వ్రాసి ఉత్తీర్ణులైరి. అంతట పరీక్షాసంస్థ వారిలో 14 మందిని అనుమానించెను. 12 మంది మరల పరీక్ష వ్రాసిరి, పండ్రెండుగురును నెగ్గిరి. ఈ కథ 1988లో చలనచిత్రమయ్యెను. కాని చలనచిత్రము చూచినవారు ఒక సంగతి మరువరాదు. అది ఒక్క ఏటి అద్భుతము కాదు. క్రింది తరగతులలో పునాది వేయుట, ఉదయమును సాయంకాలమును అదనపు పాఠములు, వేసవి తరగతులు, ఏండ్ల తరబడి శ్రమ దాని వెనుక నుండెను. పిల్లవానిని పై గదిలో కూర్చుండబెట్టుట ఒక పని. వాడు అచ్చట నిలుచునట్లు చేయుట వేరొక పని.

రెండవ పనిని మరచినప్పుడు ఏమగునో కాలిఫోర్నియా చరిత్రయే చెప్పును. 2008లో ఆ రాష్ట్ర విద్యామండలి ఎనిమిదవ తరగతివారందరిని బీజగణితమున పరీక్షింపవలెనని నిశ్చయించెను. ఆ నిర్ణయము న్యాయస్థానమున చిక్కుకొని నిలువకపోయెను. సాన్ ఫ్రాన్సిస్కో నగరము దీనికి విరుద్ధముగ, 2014నుండి ఎనిమిదవ తరగతిలో ఎవ్వరికిని బీజగణితము లేకుండ చేసి సమత్వము సాధింపజూచెను. 2024 మార్చిలో నగర ఓటర్లు దానిని తిరిగి తేవలెనని అభిప్రాయమొసగిరి. అందరిని ఒక్కమారుగ పైకెత్తుటయు, అందరిని ఒక్కచోట నిలుపుటయు రెండును తేలిక దారులే.

ఇంగ్లండులో గణిత పరీక్షకు చిరకాలము మూడు అంతస్తులుండెను. క్రింది అంతస్తు పత్రము వ్రాసినవాడు ప్రతి ప్రశ్నకు సరియైన సమాధానము వ్రాసినను, ఉద్యోగములకు కళాశాలలకు అడుగు సీ శ్రేణి వానికి లభింపదు. డీ శ్రేణియే వాని ఆకాశము. విమర్శల ఫలితముగ 2006లో ఆరంభమైన పాఠ్యక్రమముతో ఆ పద్ధతి తొలగి రెండంతస్తులు మిగిలెను.

మన కేంద్రీయ మాధ్యమిక విద్యామండలియు 2019లో ప్రకటించి, 2020 పరీక్షలనుండి పదవ తరగతి గణితమునకు స్టాండర్డు, బేసిక్ అను రెండు పత్రముల నేర్పరచెను. పాఠములు ఒక్కటే, ప్రశ్నపత్రములు వేరు. భయము తగ్గించుట ఉద్దేశము. బేసిక్ తీసికొన్నవాడు పైతరగతిలో గణితము చదువదలచినచో స్టాండర్డు పరీక్షను మరల వ్రాయవలెనని నాటి నియమము. ఈ తిరుగుదారి నుంచుట మెచ్చదగినది. ఆ దారి యున్నదని పిల్లవానికిని తండ్రికిని ముందుగ చెప్పువారున్నప్పుడే దానికి విలువ.

ఇంత చరిత్రనుండి తేలు నీతి ఇది. మెట్లుండుట దోషము కాదు. దిగినవాడు మరల ఎక్కుటకు వీలు లేకపోవుట దోషము. మెట్టు దిగుమని చెప్పుటకు ముందు వానికి ఏ భాగము రాదో చూపితిమా, దానిని నేర్పుటకు కొన్ని వారములైనను వెచ్చించితిమా, దిగినచో ఏయే చదువులు దూరమగునో తల్లిదండ్రులకు వారి భాషలో చెప్పితిమా అని పెద్దలు ప్రశ్నించుకొనవలెను. నిజముగ తేలిక గణితమునే కోరు విద్యార్థిని హేళన చేయుటయు అన్యాయమే. తెలిసి కోరుకొనుట వేరు, తెలియక తలవంచుట వేరు.

గ్రంథాలయము ఈ విషయమున పాఠశాలకు తోడుగ నిలువగలదు. పుస్తకము చదువరి మార్కుల నడుగదు. పాఠశాలలో క్రింది గదికి పంపబడిన బాలుడు ఇచ్చట పై తరగతి బీజగణితమును తీసి, ఒక పుట పదిమారులు చదివినను వారించువారు లేరు. ఇరువదియైదేండ్లు నిండిన మన గ్రంథాలయము కథలకు, పురాణములకు, పత్రికలకు ఇచ్చిన చోటువంటిదే గణితమునకును ఇచ్చుగాక. ఊరిలో లెక్కలు తెలిసిన యువకులు, విశ్రాంతి పొందిన ఉపాధ్యాయులు వారమునకు రెండు సాయంకాలములు ఇచ్చట కూర్చుండినచో, మరల పైమెట్టు ఎక్కదలచిన పిల్లవానికి చేయూత దొరకును. రజతోత్సవము నాడు మనము చేయదగిన సంకల్పములలో ఇది యొకటి.