'గరీబు' : ఒక పదం, పలు అర్థాలు

'గరీబు' అంటే పేదవాడని తెలుగువారందరికీ తెలుసు. ఉర్దూలోనూ ఇదే వాడుక. కాని ఈ పదానికి పుట్టినిల్లయిన అరబ్బీలో దీని అసలు అర్థం పేదరికం కాదు. అక్కడ పేదవాణ్ణి 'ఫఖీర్' అనీ, 'మిస్కీన్' అనీ అంటారు. జకాతుకు అర్హులెవరో తెలిపే తౌబా సూరా 60వ ఆయతులో పేదలకు వచ్చినవి ఈ రెండు పదాలే. 'గరీబ్' అన్న రూపం దివ్య ఖుర్ఆన్‌లో ఎక్కడా లేదు.

గైన్, రే, బే అనే మూడక్షరాల ధాతువుకు దూరమవడం, కనుమరుగవడం అని అర్థం. సూర్యుడు కనుమరుగయ్యే దిక్కు 'గర్బ్'. అప్పటి నమాజు 'మగ్రిబ్'. స్వస్థలానికి దూరమైనవాడు 'గరీబ్', అనగా పరదేశి. ప్రపంచంలో పరదేశిగానో, బాటసారిగానో మసలుకొమ్మని దైవప్రవక్త (స) హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (ర) గారికి బోధించిన హదీసులో ఉన్నది ఈ పదమే. ఇస్లాం 'గరీబ్'గా ఆరంభమైందని తెలిపే సహీహ్ ముస్లిం హదీసులోనూ ఇదే. అక్కడ 'పేద' అని అనువదిస్తే భావమే మారిపోతుంది. జనానికి కొత్తగా, అపరిచితంగా తోచిందని అక్కడి తాత్పర్యం.

హదీసువేత్తలు దీనినొక పారిభాషిక పదంగా చేసుకున్నారు. ఉల్లేఖకుల పరంపరలో ఏదో ఒక దశలో ఒక్కరే మిగిలితే ఆ హదీసు 'గరీబ్'. అంతమాత్రాన అది బలహీనమైనది కాదు. సంకల్పాన్ని బట్టే కర్మలని తెలిపే బుఖారీ గ్రంథంలోని తొలి హదీసు ఈ కోవలోదే. ఇక అరుదైన పదాలను వివరించే శాస్త్రానికి 'గరీబుల్ హదీస్' అని పేరు. క్రీ.శ. 838లో మరణించిన అబూ ఉబైద్ ఖాసిం బిన్ సల్లాం ఆ పేరుతోనే గ్రంథం రచించారు.

ఈ పదం ఫారసీ ద్వారా దక్కనుకు వచ్చినప్పుడూ పరదేశి అనే అర్థం చెక్కుచెదరలేదు. బహమనీల కాలంలో ఇరాన్, మధ్య ఆసియాల నుంచి వచ్చిన సైనికులను, వర్తకులను, అమీర్లను 'గరీబులు' లేక 'ఆఫాఖీలు' అనేవారు. వారికి ప్రత్యర్థులు స్థానికులైన 'దక్కనీలు'. గీలాన్ నుంచి వచ్చి ప్రధానమంత్రి అయిన మహమూద్ గవాన్ ఈ 'గరీబు'లలోని వాడే. 1472లో బీదర్‌లో గొప్ప మద్రసా కట్టించిన ఆయనను ప్రత్యర్థులు దొంగ లేఖతో ఇరికించగా, 1481లో సుల్తాను మరణశిక్ష విధించాడు. 15వ శతాబ్ది మధ్యలో చాకన్ కోట వద్ద జరిగిన 'గరీబుల' వధను పేదల వధగా చదివితే చరిత్రే తలకిందులవుతుంది.

మరి పేదరికం ఎలా వచ్చి చేరింది? అయినవారికి దూరమైనవానికి అండ ఉండదు. అండలేనివానికి లేమి తప్పదు. పరదేశి నిస్సహాయుడయ్యాడు, నిస్సహాయుడు పేదవాడయ్యాడు. అజ్మీరులోని ఖ్వాజా మొయీనుద్దీన్ చిష్తీ (ర.అ) గారి 'గరీబ్ నవాజ్' బిరుదులో ఈ అర్థాలన్నీ ఇముడుతాయి. తురుష్క భాషలో 'గరిప్' అంటే వింతైనది, దిక్కులేనిది. వింత అనే పాత అర్థం ఉర్దూలోనూ చావలేదు. ఇళ్ళలో నిత్యం వినిపించే 'అజీబో గరీబ్' అన్న మాటే అందుకు సాక్ష్యం.

తెలిసిన పదమే కదా అనుకున్నచోటే అనువాదం దారి తప్పుతుంది. అందుచేత అరబ్బీ, ఫారసీ గ్రంథాలలో 'గరీబ్' ఎదురైనప్పుడు, అది ఏ భాషది, ఏ కాలానిది అని ముందుగా విచారించుకోవడం అవసరం.