తాళం ఎవరి బాధ్యత? ఇంటి ఇంటర్నెట్‌ కథలో ప్రభుత్వం అడగని ప్రశ్న

2008 జులై 26 సాయంత్రం అహ్మదాబాద్‌లో వరుస పేలుళ్ళు మొదలవడానికి కొద్ది నిమిషాల ముందు కొన్ని వార్తా సంస్థలకు ఒక ఈ-మెయిల్ అందింది. ఇండియన్ ముజాహిదీన్ పేరిట వచ్చిన ఆ లేఖ జాడ పట్టుకుని వెళ్ళిన దర్యాప్తు అధికారులు నవీ ముంబైలోని ఒక నివాస భవనానికి చేరారు. అక్కడ వారికి ఉగ్రవాది దొరకలేదు. తాళం వేయని వైఫై దొరికింది. ఆ ఫ్లాట్‌లో ఉంటున్న విదేశీయుడి కనెక్షన్‌ను ఎవరో బయటి నుంచి వాడుకుని వెళ్ళిపోయారు. ఐపీ చిరునామా మాత్రం ఆయన ఇంటినే చూపించింది.

ఆయన కంప్యూటర్లు స్వాధీనమయ్యాయి, విచారణలు సాగాయి, పత్రికలు ఆయన ఇంటి గుమ్మం ముందు బైఠాయించాయి. ఈలోగా ఇదే పద్ధతి మళ్ళీ కనిపించింది. ఆగస్టులో మాతుంగలోని ఒక కళాశాల నెట్‌వర్క్ నుంచి ఒక మెయిల్, సెప్టెంబరు 13న ఢిల్లీ పేలుళ్ళ వేళ చెంబూరులోని ఒక ప్రైవేటు సంస్థ వైఫై నుంచి మరొకటి బయలుదేరాయి. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్‌ల వద్ద నెత్తురు చూసిన హైదరాబాదుకు ఈ ముఠా కొత్తది కాదు. కొత్తగా తెలిసింది ఒక్కటే: పక్కింటివాడి పేరుతో మాట్లాడడానికి ఇప్పుడు పక్కింట్లో అడుగు పెట్టనక్కరలేదు.

తలుపు అలా తెరిచి ఎందుకుంది? దీనికి జవాబు కొంత వెనుక నుంచి వెతకాలి. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సామాన్యుడికి ఇంటర్నెట్ ఇచ్చినప్పుడు అది ఫోను తీగ మీద నడిచే సరుకు. మోడెము కీచుమని అరిచి, కాసేపు కలిసి, మళ్ళీ తెగిపోయేది. ఇంట్లో ఎవరైనా ఫోను చేసుకోవాలంటే నెట్ ఆపాల్సిందే. ఆ రోజుల్లో వైరస్ అంటే ఎక్కువగా ఫ్లాపీలో వచ్చేదే. ఇల్లు గంటల తరబడి బయటి ప్రపంచానికి కనిపిస్తూ కూర్చునే పరిస్థితి లేదు. 2004 అక్టోబరులో వచ్చిన బ్రాడ్‌బ్యాండ్ విధానం దాన్ని మార్చింది. కనీసం 256 కేబీపీఎస్ వేగంతో ఎల్లవేళలా కలిసి ఉండే కనెక్షనే బ్రాడ్‌బ్యాండ్ అని ఆ పత్రం నిర్వచించింది. వేగం గురించి మనం ఇరవై ఏళ్ళుగా పోట్లాడుతూనే ఉన్నాం. ‘ఎల్లవేళలా’ అన్న మాటను మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. ఎల్లవేళలా కలిసి ఉన్న ఇంటికి ఎల్లవేళలా కాపలా కూడా కావాలి కదా!

వైఫైకి మొదట వేసిన తాళం పేరు వెప్. దాని గుప్తలిపిని ఛేదించవచ్చని 2001లోనే ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అనే శాస్త్రవేత్తలు నిరూపించారు. 2003లో డబ్ల్యూపీఏ, 2004లో డబ్ల్యూపీఏ2 వచ్చాయి. అయినా 2008 నాటికి మన ఇళ్ళలో ఎన్నో పెట్టెలు వెప్‌తోనో, అసలు ఏ తాళమూ లేకుండానో నడుస్తున్నాయి. అమ్మినవాడు చెప్పలేదు, బిగించినవాడికి తెలియదు, కొన్నవాడు అడగలేదు.

పేలుళ్ళ తరువాత ప్రభుత్వం కదిలింది. 2009 ఆరంభంలో ముంబై పోలీసులు తెరిచి ఉన్న వైఫైలను వెతుకుతూ నగరంలో తిరిగారు. ఫిబ్రవరిలో టెలికం శాఖ, వైఫై వాడేవారిని నమోదు చేసి, గుర్తింపు సరిచూశాకే కనెక్షన్ నడవనివ్వాలని సేవా సంస్థలను ఆదేశించింది. అంతకు ముందే, 2008 డిసెంబరు 22, 23 తేదీల్లో, ఐటీ చట్టానికి భారీ సవరణలు పార్లమెంటులో చర్చ లేకుండా గట్టెక్కాయి. నిఘాకు విస్తృత అధికారమిచ్చే 69వ సెక్షన్, తరువాత 2015లో సుప్రీంకోర్టు కొట్టివేసిన 66ఎ, సైబర్ ఉగ్రవాదంపై 66ఎఫ్ అన్నీ ఆ మూటలోనివే. నా అభ్యంతరం ఇక్కడే. ఈ చర్యలన్నీ ‘ఎవరు పంపారు’ అన్న ప్రశ్నకు జవాబు వెతికాయి. ‘ఈ పెట్టె ఇంత బలహీనంగా బజారుకెలా వచ్చింది’ అని ఎవరూ అడగలేదు. పౌరుడి మీద అనుమానం పెరిగిందే తప్ప తయారీదారు మీద బాధ్యత పెరగలేదు.

ఆ అడగని ప్రశ్న 2016లో ప్రపంచమంతటా పేలింది. మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాం చేసే పని ఆశ్చర్యకరమైనంత సాదా. ఇంటర్నెట్‌లో ఎదురైన ప్రతి చిరునామా దగ్గరకూ వెళ్ళి టెల్నెట్ అనే పాత తలుపు తడుతుంది. అది తెరుచుకుంటే, ఫ్యాక్టరీలో పెట్టిన అరవై పైచిలుకు పేరు-పాస్‌వర్డ్ జతలను ఒక్కొక్కటిగా ప్రయత్నిస్తుంది. అడ్మిన్, అడ్మిన్. రూట్, 12345. ఏదో ఒకటి కుదరగానే ఆ కెమెరా, ఆ రౌటర్ దాని సైన్యంలో చేరిపోతుంది. యజమానికి ఏమీ తెలియదు, నెట్ కాస్త నెమ్మదించిందని విసుక్కుంటాడు. పరికరం ఆపి మళ్ళీ వేస్తే మిరాయ్ పోతుంది, కానీ పాస్‌వర్డ్ మార్చకపోతే నిమిషాల్లో తిరిగొస్తుంది. అక్టోబరు 21న ఈ సైన్యం డిన్ అనే సంస్థ మీద పడితే ట్విట్టర్ వంటి సైట్లు అమెరికాలో గంటల తరబడి అందలేదు. నవంబరు చివరలో దాని మరో రూపం జర్మనీలో సుమారు 9 లక్షల ఇళ్ళ కనెక్షన్లను కుప్పకూల్చింది. ఇంతా చేసి దాన్ని రాసింది శత్రు దేశ గూఢచారులు కాదు, ముగ్గురు అమెరికన్ కుర్రాళ్ళు. 2017 డిసెంబరులో వారు నేరం ఒప్పుకున్నారన్న వార్త బయటికొచ్చింది.

మన వంతు 2017 జులై చివర్లో వచ్చింది. బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మోడెములు వేల సంఖ్యలో మూగబోయాయి. తమ ప్రధాన నెట్‌వర్క్‌కు ఏమీ కాలేదని, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చుకోని వినియోగదారుల మోడెములే దెబ్బతిన్నాయని సంస్థ చెప్పింది. ఆ దాడి తన పనేనని బ్రికర్‌బాట్ కర్త మారుపేరుతో చెప్పుకున్నాడు. బలహీనమైన పరికరాలు మిరాయ్ చేతికి చిక్కకుండా వాటిని ముందే చంపేస్తున్నానన్నది అతగాడి వాదన. దొంగలు పడతారని ఊరికే నిప్పు పెట్టడం లాంటి తర్కమిది. అయినా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది సంస్థ ఇచ్చిన సంజాయిషీ. ఆ పాస్‌వర్డ్ మార్చాలని ఆ ఇళ్ళలో ఎవరికి, ఎప్పుడు, ఏ భాషలో చెప్పారు?

ఎందుకంటే చదువుకున్నవారు సైతం పొరబడే చోటిది. ఇంటి పెట్టెకు రెండు పాస్‌వర్డులుంటాయి. అతిథులు అడిగేది వైఫైది. రెండోది పెట్టెను నడిపించేది, దాని అమరికలన్నీ మార్చగలిగేది. మొదటిది మార్చి రెండోదాన్ని ‘అడ్మిన్’గానే వదిలేసేవారే ఎక్కువ. వీధి తలుపుకు గొళ్ళెం పెట్టి ఇనప్పెట్టె తెరిచి ఉంచినట్టే. బయటి నుంచి పెట్టెను నడిపే రిమోట్ సదుపాయం అవసరం లేకపోతే ఆపేయాలి. మీట నొక్కగానే కలిపే డబ్ల్యూపీఎస్‌నూ అంతే: దాని ఎనిమిదంకెల పిన్‌ను రెండు ముక్కలుగా సరిచూడడం వల్ల గరిష్ఠంగా 11,000 ప్రయత్నాల్లో పట్టేయవచ్చని 2011లోనే తేలింది. కంపెనీ కొత్త ఫర్మ్‌వేర్ ఇవ్వడం మానేసిన పెట్టెకు మాత్రం ఈ జాగ్రత్తలేవీ పూర్తి మందు కావు, దాన్ని మార్చడమే మార్గం. ఆ ఖర్చు ఎవరిదన్న ప్రశ్నకు మన చట్టంలో జవాబు లేదు.

బ్రిటన్ 2022లో చట్టం చేసి, 2024 ఏప్రిల్ 29 నుంచి అందరికీ ఒకే ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌తో పరికరాలు అమ్మడాన్ని నిషేధించింది. భద్రతా మార్పులు ఎంతకాలం ఇస్తారో అమ్మేటప్పుడే చెప్పాలంది. మన దగ్గరా కదలిక లేకపోలేదు. సెర్ట్-ఇన్ 2017 ఫిబ్రవరిలో సైబర్ స్వచ్ఛతా కేంద్రాన్ని తెరిచింది. వైఫై రౌటర్లకు భద్రతా పరీక్షల ప్రమాణాలు రూపొందాయి. అవి కొత్తగా బజారుకొచ్చే పెట్టెల సంగతి చూస్తాయి. ఇప్పటికే గోడలకు వేలాడుతున్నవాటి ఊసెత్తవు.

నా ఇంటి పెట్టె అలాంటిదే. దాని రెండు పాస్‌వర్డులూ మార్చి చాలాకాలమైంది. ఈమధ్య కనెక్షన్ పాడైతే బాగుచేయడానికి వచ్చిన కుర్రాడు చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చి రీసెట్ చేసి, ‘సరిపోయింది సార్’ అని వెళ్ళిపోయాడు. రాత్రి తెరిచి చూస్తే, పెట్టె అడుగున స్టిక్కర్ మీద అచ్చేసిన పాత పాస్‌వర్డే మళ్ళీ పని చేస్తోంది.