వేగం లేని పోటీ, విరామం లేని మరమ్మతు
పాత ట్రయల్స్ మోటార్‌సైకిళ్ల చరిత్రపై ఒక సింహావలోకనం

మోటార్‌సైకిల్ పోటీ అనగానే మనకు వేగం గుర్తొస్తుంది. ట్రయల్స్‌కు ఆ వేగంతో పనిలేదు. నాచు పట్టిన రాళ్లు, బురద, చెట్ల వేళ్లు, నిట్టనిలువు గట్ల మధ్య గుర్తులు పెట్టిన ఇరుకు దారిలో నేలకు కాలు ఆనించకుండా బండిని దాటించాలి. ఒకసారి కాలు మోపితే ఒక మార్కు పోతుంది, దాటలేక చతికిలబడితే ఐదు పోతాయి. తక్కువ పోగొట్టుకున్నవాడిదే గెలుపు. ఈ ఆట కోసం బళ్లు కట్టిన కంపెనీల్లో చాలావాటికి తాళాలు పడ్డాయి. బళ్లు మాత్రం ఇప్పటికీ కొండలెక్కుతున్నాయి. అందుకు కారణం వాటిని విప్పి, సరిచేసి, మళ్లీ బిగించిన చేతులు.

ఆట పుట్టిల్లు బ్రిటన్. స్కాట్లండ్ కొండల్లో 1909లో మొదలైన పోటీయే తర్వాత స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్‌గా పేరు తెచ్చుకుంది. యార్క్‌షైర్‌లో మోటార్‌సైకిళ్లు తయారుచేసే ఆల్ఫ్రెడ్ స్కాట్ 1914లో తన కార్మికుల కోసం పెట్టిన పోటీ స్కాట్ ట్రయల్ అయింది. ఆ రోజుల్లో ట్రయల్స్‌కని ప్రత్యేకమైన బండి లేదు. రోజూ నడిపే బండి మీదే వచ్చి పోటీచేసి, దాని మీదే ఇంటికి వెళ్లేవారు. దారిలో ఏది విరిగినా దారిలోనే బాగుచేసుకోవాలి.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత కర్మాగారాలు రంగంలోకి దిగాయి. ఏజేఎస్ మీద హ్యూ వైనీ 1947 నుంచి వరుసగా మూడేళ్లు సిక్స్ డేస్ గెలిచాడు. వెనుక చక్రానికి స్ప్రింగులు ఉంటే పట్టు పోతుందని అందరూ వాదిస్తున్న కాలంలో, 1948లో రాయల్ ఎన్‌ఫీల్డ్ వెనుక సస్పెన్షన్ ఉన్న బుల్లెట్‌ను ట్రయల్స్‌లోకి దింపింది. జానీ బ్రిటన్ 1952లోనూ 1957లోనూ బుల్లెట్ మీదే సిక్స్ డేస్ గెలవడంతో ఆ వాదన వీగిపోయింది.

ఈ తరం బళ్లను పట్టుకున్న మెకానిక్‌కు మొదటి పరీక్ష మరలే. బ్రిటిష్ బోల్టులకు విట్‌వర్త్, సైకిల్ థ్రెడ్ వంటి పాత కొలతలుంటాయి. మిల్లీమీటర్ల పానా పెట్టి బలవంతం చేస్తే తల అరిగిపోతుంది. రెండో పరీక్ష మాగ్నెటో. ఏళ్లు గడిచేకొద్దీ లోపలి చుట్టల ఇన్సులేషన్ పాడవుతుంది. చల్లగా ఉన్నప్పుడు చక్కగా స్టార్టయిన బండి వేడెక్కాక మొరాయిస్తే ముందుగా అనుమానించాల్సింది దాన్నే.

1964 చివర్లో కథ మలుపు తిరిగింది. భారీ ఏరియల్ 500 మీద ఎదురులేని విజేతగా వెలుగుతున్న శామీ మిల్లర్ స్పెయిన్ కంపెనీ బుల్టాకోకు మారి, తేలికైన టూ స్ట్రోక్ బండి షెర్పాకు రూపమిచ్చాడు. మరుసటి ఏడాదే దాని మీద సిక్స్ డేస్ గెలిచాడు. బ్రిటిష్ పెద్ద ఇంజిన్ల యుగం దాదాపు అక్కడితో ముగిసింది. వెనకే మోంటెసా కోటా, ఓస్సా వచ్చాయి. 1970లలో జపాన్ కంపెనీలూ దిగాయి. 1975లో మొదలైన ప్రపంచ చాంపియన్‌షిప్‌ను బుల్టాకో మీద మార్టిన్ లాంప్‌కిన్ గెలిచాడు.

బండి మారేసరికి మరమ్మతూ మారింది. టూ స్ట్రోక్‌లో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం ముందు క్రాంక్‌కేసులోకి వెళుతుంది. అందువల్ల ఎండిపోయిన చిన్న ఆయిల్ సీలు కూడా ఇంజిన్ ప్రాణం మీదికి తెస్తుంది. మాగ్నెటో వైపు సీలు పోతే బయటి గాలి చొరబడి, మిశ్రమం పలచబడి, పిస్టన్ వేడెక్కి సీజ్ అవుతుంది. క్లచ్ వైపుది పోతే ఇంజిన్ గేర్ ఆయిల్‌ను పీల్చుకుని నీలం పొగ కక్కుతుంది. కార్బురేటర్ సంగతీ అంతే. ట్రయల్స్‌లో థ్రాటిల్ పూర్తిగా తెరిచే సందర్భాలు తక్కువ. మెయిన్ జెట్ కంటే పైలట్ జెట్ శుభ్రత, స్లైడ్ అరుగుదల ముఖ్యం. టైర్లలో గాలి నాలుగైదు పౌండ్లే ఉంటుంది కనుక, టైరును రిమ్ముకు బిగించి పట్టే బోల్టు వదులైతే టైరు జారి ట్యూబ్ వాల్వు తెగిపోతుంది.

1980లలో వెనుక ఒకే షాక్ అబ్జార్బర్ ఉన్న కొత్త బళ్లు రావడంతో పాతవి షెడ్డు మూలల్లో పడ్డాయి. బుల్టాకో ఆ దశాబ్దంలోనే మూతపడింది. అప్పుడే పాత బళ్ల పోటీలు పుంజుకున్నాయి. 1965కు ముందు బళ్లకు ఒక వర్గం, రెండు షాక్‌ల బళ్లకు మరో వర్గం ఏర్పడ్డాయి. గిరాకీ రావడంతో చిన్న వర్క్‌షాపులు పిస్టన్లు, బుష్షులు, క్లచ్ ప్లేట్లు మళ్లీ తయారుచేయడం మొదలుపెట్టాయి. ఇంగ్లండ్‌లో ఆగిపోయిన బుల్లెట్ 1956 నుంచే మద్రాసు పక్కన తిరువొత్తియూరులో తయారవుతూ వచ్చింది. అందుకే ఆ ఇంజిన్‌కు విడిభాగాల కరువు పెద్దగా రాలేదు. డీకంప్రెసర్ నొక్కి, అమ్మీటర్ ముల్లు చూసి కిక్ కొట్టే మన పాత బుల్లెట్ మెకానిక్కులకు ఆ కుటుంబమంతా తెలిసినదే.

ఈనాటి కొత్త శత్రువు పెట్రోలులోని ఇథనాల్. పాత ఫైబర్‌గ్లాస్ ట్యాంకు రెసిన్‌ను అది మెత్తబరుస్తుంది, కరిగిన జిగురు కార్బురేటర్‌లో పేరుకుంటుంది. లోపల తగిన పూత వేయించడమో, అల్యూమినియం ట్యాంకు పెట్టడమో తప్పదు.

అంతకంటే పెద్ద ప్రమాదం మన ఉత్సాహమే. గెలుపు కోసం కొత్త ఫ్రేము, కొత్త హబ్బులు, కొత్త ఫోర్కులు వేసి పాత పేరు అతికించిన బళ్లు 1965కు ముందు వర్గంలో ఎక్కువయ్యాయి. అరిగేవాటిని మార్చడం మరమ్మతు. బండి స్వభావాన్నే మార్చడం కొత్త తయారీ. సీళ్లు, బేరింగులు, కేబుళ్లు, పాయింట్లు ఎన్నిసార్లయినా మార్చండి. ఫ్రేమునూ ఇంజిన్ కేసునూ మాత్రం బాగుచేసి నిలబెట్టండి. తీసిన పాత భాగాన్ని పారేయకుండా చీటీ కట్టి దాచండి, చేసిన పనిని పుస్తకంలో రాయండి. మీ తర్వాత ఆ బండి విప్పేవాడికి ఏది అసలో, ఏది మీ చేతిదో తెలియాలి.