గ్రహణం మొర్రి

ఈ వేసవిలో నూజివీడులో మా మామిడితోట పాకలో పిల్లి ఈనింది. ఒక కూనకి పైపెదవి చీలి ఉంది. అంగిలి బాగానే ఉంది గానీ తల్లి చన్ను పట్టుకోలేకపోతోంది. బోర్లా ఉంచి, రెండు గంటలకోసారి డ్రాపరుతో చుక్కచుక్కగా పాలు పడుతున్నాం, నేనూ మా పిన్నీ.

"దీనమ్మ ఏ కత్తిపీట ముట్టుకుందే?" అంది పిన్ని.

1980 ఫిబ్రవరి 16. ఆ సంపూర్ణ సూర్యగ్రహణాన్ని జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు పరిశీలించారు. మా ఇంట్లో ఏడు నెలల గర్భిణి పిన్నిని కదలొద్దని చీకటి గదిలో పడుకోబెట్టారు. ఏప్రిల్‌లో బాబు మొర్రితో పుట్టాడు. కదిలిందనీ, కూర తరిగిందనీ తప్పంతా ఆమె మీదే వేశారు.

కడుపులో బిడ్డకి పెదవి అతుక్కునేది నాలుగో వారానికీ ఏడో వారానికీ మధ్య. అంటే ఆ గ్రహణానికి దాదాపు అయిదు నెలల ముందే అది జరిగిపోయింది. జన్యువులు కారణం కావచ్చు, అవి తండ్రివీ కావచ్చు. ఫోలిక్ ఆమ్లం లోపమో, కొన్ని మందులో కావచ్చు. ఈ లెక్క ఆమెకి ఎవరూ చెప్పలేదు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొర్రి ఉన్న పిల్లల్ని గుర్తించి చికిత్సకు పంపుతోంది. మన మాటలో మాత్రం గ్రహణం అలాగే ఉంది, తల్లి మీద నిందతో సహా. నేనిక ఉత్త మొర్రి అనే అంటాను.

కూన బరువు పెరుగుతోంది. తల్లిపిల్లిని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.