గృహమే కర్మశాల: మనామా పరిసరములందలి నివాసి ధర్మములు

ప్రభుత్వము కట్టించి యిచ్చిన యింట కాపురముండువాడు ఆ యింటనే చిన్నపాటి వ్యాపారము సాగించుకొనవచ్చునా, సాగించుకొనుచో అతని బాధ్యతలకు హద్దు ఎచ్చట నుండవలెను అను ప్రశ్నకు బహ్రెయిన్ రాజధాని మనామా పరిసరములు చక్కని పరిశీలనాక్షేత్రములు. 1968లో ప్రారంభింపబడిన ఈసా టౌను, 1984లో వెలసిన హమద్ టౌను, గృహఋణముల నిమిత్తము 1979లో స్థాపితమైన ఎస్కాన్ బ్యాంకు, ఇవి యన్నియు పౌరునకు నిలువనీడ కల్పింపవలెనను రాజ్యసంకల్పమునకు ఫలములు. ఈ గృహములు బహ్రెయినీ కుటుంబములకే గాని ప్రవాసులకు లభింపవు.

ఐనను ఇంటిని కేవలము నిద్రాహారములకే పరిమితము చేయుట ఆ దేశపు పూర్వాచారము కాదు. మనామాకు ఎదుటనున్న ముహర్రక్ దీవిలో కురార్ అను జరీపని ఇండ్లలోనే వర్ధిల్లినది. కొందరు స్త్రీలు బంగారు పోగులను వ్రేళ్ళకు తగిలించుకొని క్రమము తప్పక మార్చి మార్చి అల్లుచుండగా, మరియొకతె సూది చేతబట్టి ఆ అల్లికను వస్త్రపుటంచునకు కుట్టుచుండును. బనీ జమ్రా గ్రామపు నేతయు ఇట్టిదే. పోచంపల్లిలో గుంటమగ్గము ప్రక్కనే పొయ్యి రాజుకొను ఇండ్లను ఎరిగిన మనకు ఇందు వింతయేమియు లేదు. ఇల్లు వేరు, పని వేరు అను విభజన ప్రణాళికాబద్ధమైన నూతన నగరములతో బలపడినది గాని, శ్రమజీవుల జీవితమునుండి పుట్టినది కాదని నా నిశ్చితాభిప్రాయము.

ఈ సత్యమును బహ్రెయిన్ ప్రభుత్వమును కొంతవరకు గుర్తించినది. గృహోత్పత్తి చేయు కుటుంబములకు ఖత్వా పథకమును, ప్రత్యేక కార్యాలయము లేకయే వ్యాపారము నమోదు చేసికొనుటకు 2017లో సిజిలీ విధానమును కల్పించినది. వంటలు, కుట్టుపని, అలంకారవస్తువుల తయారీ వంటి పనులు ఈ విధముగా చట్టపు నీడకు వచ్చినవి.

సిజిలీ పౌరుల నుద్దేశించినది కావున, గుదైబియా, హూరా వంటి పేటలలో అద్దె ఫ్లాటులందు నివసించు మన తెలుగువారి స్థితి వేరు. అచ్చట ఆవకాయ కలిపి అమ్ము గృహిణికిని, రవికలు కుట్టియిచ్చు నామెకును అద్దె ఒప్పందమే ప్రధానమైన కట్టుబాటు. ఏ ప్రయోజనమునకు ఇల్లు పుచ్చుకొనిరో దానికే వినియోగింపవలెను. యజమాని అనుమతి లేక మార్పులు చేయరాదు. ఇంటిని జాగ్రత్తగా కాపాడవలెను. 2001 నాటి పౌరస్మృతియు, 2014 నాటి 27వ సంఖ్య అద్దె చట్టమును ఈ సంబంధమునకు ఆధారములు. అనుమతి లేని వ్యాపారము ప్రవాసికి నివాసహక్కునకే ముప్పు తేగలదు గనుక, ముందుగా విచారించుకొనుట మేలు.

నా దృష్టిలో నిషేధమునకు కొలబద్ద పని జరుగుట కాదు, దాని ఫలితము. కుట్టుయంత్రపు చప్పుడు అర్ధరాత్రి పొరుగువానిని నిద్రలేపుచున్నదా? వంటగ్యాసు సిలిండర్లు మెట్లక్రింద పేర్చబడుచున్నవా? కొనుగోలుదారుల కార్లు వీధిని మూసివేయుచున్నవా? వీనికి అవునని సమాధానము వచ్చినచో, పౌరుడైనను ప్రవాసియైనను దోషియే. కాదని వచ్చినచో ఇల్లాలి రెక్కల కష్టమును ఆపుట అన్యాయము.

మిగిలిన చిక్కు విద్యుత్తుది. 2016 నుండి ఛార్జీలు దశలవారీగా పెరిగినను, పౌరుని స్వనివాసమునకు రాయితీ కొనసాగినది. ఆ రాయితీ కరెంటుతో రొట్టెలు కాల్చి అమ్ముకొను కుటుంబము కుటుంబపోషణకును, లాభమునకును ఒకే మీటరును వాడుకొనుచున్నది. వ్యాపారము పొయ్యి దాటి పెద్ద ఓవెనులకు, శీతలపెట్టెలకు పెరిగిననాడు ప్రత్యేక మీటరు వేయించుకొనుమని కోరుట న్యాయమే. నాలుగు పళ్ళెముల మిఠాయికి మాత్రము అట్టి నిర్బంధము తగదు.