పేరునకు పట్టా



భూమికి పట్టా యుండవలెనని మీకు చెప్పనక్కరలేదు. కాని సరకు పేరునకు గూడ పట్టా వంటి దొకటి కలదని మనలో పెక్కురెరుగరు. ఆ సంగతిని మన సీమలోని యొక ఫలమును ఉదాహరణముగ గొని మనవి చేసెదను.

బనగానపల్లె 1948 వరకు నవాబుల సంస్థానము. ఆ యేట కర్నూలు జిల్లాలో కలిసినది. 2022 నుండి నంద్యాల జిల్లాలో నున్నది. ఆ యూరి పేరిట ప్రసిద్ధికెక్కిన మామిడిని బేనిషాన్ అనియు పిలుతురు. నిషాన్ అనగా గుర్తు. తొక్కపై మచ్చలేని పండని భావము.

వర్తకుడు తన సరకునకు పెట్టుకొను గుర్తు ట్రేడ్ మార్కు. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో నెలకొల్పిన అమృతాంజనము పేరు అట్టిది. కొనువాడు మందును పరీక్షింపలేడు. పేరు చూచి నమ్మును. ఆ నమ్మకమే వర్తకుని మూలధనము. దీనిని కాపాడుటకు 1940లో చట్టము పుట్టినది. ఇప్పుడు నడచుచున్నది 1999 నాటిది. రిజిస్టరైన గుర్తు పదేండ్లు చెల్లును. రుసుము కట్టి మరల పొడిగించుకొనవచ్చును. రిజిస్టరు లేకున్నను దావా వేయవచ్చును గాని, తన పేరు ప్రసిద్ధమనియు, ఎదుటివాని వలన కొనువారు మోసపోవుచున్నారనియు తానే సాక్ష్యములతో నిరూపింపవలెను. రిజిస్టరున్నచో ఆ పత్రమే మొదటి సాక్ష్యము.

అయితే బనగానపల్లె యను పేరు ఒక వర్తకునిది గాదు. తరతరములుగా చెట్లు పెంచిన రైతులందరిది. ఇట్టి ఊరి పేర్లకై 1999లో భౌగోళిక సూచికల చట్టము వేరుగ చేయబడి, 2003లో అమలునకు వచ్చెను. రాష్ట్ర ఉద్యానశాఖవారి దరఖాస్తుపై 2017 మే నెలలో చెన్నపట్నపు రిజిస్ట్రీలో ఈ మామిడి నమోదయ్యెను. బనగానపల్లె, పాణ్యము, నంద్యాల మండలములు దీనికి ప్రధాన మూలస్థానములుగ చూపబడినవి.

ఇంతటితో పని ముగిసినదని తలపరాదు. ఆ గుర్తును వాడుకొను హక్కు, అధికృత వినియోగదారుగా తన పేరు వ్రాయించుకొనిన వానికే చట్టము నిచ్చినది. దొంగగుర్తుతో అమ్మువానికి సామాన్యముగ ఆరునెలలకు తక్కువగాని ఖైదును, 50,000 రూపాయలకు తక్కువగాని జుల్మానాయు గలవు. కాని అడుగువాడు లేనిదే శిక్ష యెట్లు పడును?

వానలు చాలని సీమలో బావినీటితో చెట్టును బ్రతికించుకొనిన రైతు, ఎక్కడిదో పండు అదే పేరుతో చౌకగా అమ్ముడగుచుండ తన పంటను తెగనమ్ముకొనవలసి వచ్చుట న్యాయమా? కావున తోటలున్న గ్రామముల పెద్దలు రైతులను కూడగట్టి, ఉద్యానశాఖ కార్యాలయమునకు పోయి వారి పేర్లు వ్రాయింప ప్రార్థించుచున్నాను. సొంత గుర్తుతో నూనెయో, ఊరగాయయో అమ్ముకొనువారు ఆ గుర్తును ముందుగనే రిజిస్టరు చేయించుకొనవలెను. పేరు పరులపాలైన పిదప కోర్టుల చుట్టు తిరుగుటకంటె ఇది సులభము.