నాస్తికుడి కూతురికి బెజవాడ ఓటు

1980లో బెజవాడ నుంచి లోక్‌సభకు గెలిచిన చెన్నుపాటి విద్య నాస్తికుడు గోరా కూతురు. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే. మా అమ్మ ఏటా మూలా నక్షత్రం నాడు తెల్లవారకముందే కొండమీద దుర్గమ్మ గుడి క్యూలో ఉండే మనిషి. ఓటు మాత్రం విద్యగారికే వేసింది. "ఆవిడకి దేవుడు లేడటగా అక్కయ్యా?" అని పక్కింటి పిన్ని అడిగితే, "దేవుడి సంగతి నేను చూసుకుంటానే, ఆవిణ్ణి ఢిల్లీ సంగతి చూడమను" అంది.

గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, వృక్షశాస్త్రం లెక్చరరు. నాస్తికత్వం వల్ల కాకినాడలోనూ, తర్వాత బందరులోనూ కాలేజీ ఉద్యోగం పోయింది. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో దాన్ని మా పటమటకు తెచ్చారు. సేవాగ్రామ్‌లో గాంధీజీతో వాదనకు కూర్చున్నవాడు. కూతురు మనోరమకు హరిజన యువకుడితో పెళ్లి తలపెడితే, దేవుడి ఊసు లేకుండా సత్యం పేరిట ప్రమాణాలు చేయించడానికి గాంధీజీ ఒప్పుకున్నారు. 1948 మార్చిలో ఆ పెళ్లి జరిగేనాటికి ఆయన లేరు. గోరా రాజకీయ పోరు దేవుడితో కంటే పార్టీలతోనే ఎక్కువ. పార్టీలే వద్దన్న మనిషి కూతురు కాంగ్రెస్ టికెట్టు మీద నిలబడింది మరి!

1983లో నిమ్మకూరు ఎన్టీఆర్ ప్రభంజనం. మాయాబజార్ కృష్ణుడిగా ఆయన క్యాలెండరు చాలా ఇళ్లలో దేవుడి గూట్లోకే చేరింది. అయినా ఓట్లడిగినప్పుడు తొడిగింది ఖాకీ. కాషాయం ముఖ్యమంత్రి అయ్యాకే. ఆ కాషాయధారి ప్రభుత్వమే 1987 దేవాదాయ చట్టంతో అర్చకుల వంశపారంపర్య హక్కులు తీసేసింది. 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. వేషం చూసి లెక్కలు వేసేవాళ్లకు ఇది కొరుకుడు పడదు. 1989లో ఆయన పార్టీ ఓడింది, బెజవాడలో విద్యగారు మళ్లీ గెలిచారు.

దసరాల్లో అమ్మవారికి ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు చంద్రబాబు తెచ్చారు, క్రైస్తవుడైన జగన్ కూడా తెచ్చారు. అది కుర్చీకున్న ఆనవాయితీ, మనిషి నమ్మకంతో పనిలేదు. నాకు అందులో తప్పేమీ కనిపించదు.

2024 సెప్టెంబరులో జరిగింది వేరు. తిరుమల లడ్డూ నెయ్యిలో జంతువుల కొవ్వు కలిసిందని ముఖ్యమంత్రి చంద్రబాబే ఆరోపించారు. ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ ప్రాయశ్చిత్త దీక్ష పట్టి, 24న దుర్గమ్మ గుడి మెట్లు కడిగారు. దేవుళ్లనైనా రాజకీయాలకు దూరంగా ఉంచమని 30న సుప్రీంకోర్టు మందలించింది, అక్టోబరు 4న ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేయమంది. దీక్ష ఆయన సొంత విషయం, కాదనను. కానీ నెయ్యి సంగతి తేల్చాల్సింది ల్యాబు, టెండరు కాగితాలు, కోర్టు. ఆ పని పూర్తికాకముందే పాపం ఎవరిదో మెట్ల మీద, కెమెరాల ముందు తేలిపోయింది.